కోడి ఈక... గజ్జె... ఓ పండుగప్ప!

మా వంటింట్లో ఒక మూకుడు తక్కువైంది. పోయినేడాది మే నెల నుంచీ అది బాల్కనీలో, పాత న్యూస్‌పేపర్ల కట్ట కింద, పాలిథిన్ కవర్లో మూతి బిగించుకుని కూర్చుంది. అందులో మళ్లీ గారెలు వేయడం ఈ జన్మకు కుదరదు. కారణం నేనే. అందులో నేను సీసం కరిగించాను.

సీసం ఎందుకు కరిగించావయ్యా అంటే చేపలు పట్టడానికి. నగరంలో మూడో అంతస్తులో కాపురం ఉంటూ, కూరకు చేపలు కావాలంటే ఫోన్లో ఆర్డరిచ్చే మనిషికి ఇదేం సరదా అని మీరు అడగొచ్చు. మా ఆవిడ అప్పటికే అడిగేసింది.

అంతకుముందు సంక్రాంతికి కోనసీమలో మా మావయ్యగారి ఊరెళ్లాం. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి కూడా వచ్చాడు. వాడి బ్యాగులో ఓ చిన్న ప్లాస్టిక్ డబ్బా. తెరిస్తే ఏముంది, ఎరుపూ పసుపూ తెలుపూ రంగుల్లో బొమ్మల కొలువులో పెట్టాల్సిన పిట్టల్లాంటివి ఓ ఇరవై. ఒక్కోదానికి బఠాణీ గింజంత తల, దాని మీద చుక్కలాంటి కన్ను, వెనక ఈకల తోక. ఆ తోకలో దాక్కుని గాలం. వాటిని జిగ్గులంటారట. వానపాము అక్కర్లేదు, రొయ్య అక్కర్లేదు. నీళ్లలో వేసి, కర్రను కొద్దిగా పైకి ఎగరేసి, మళ్లీ దించుతూ ఉంటే ఆ బొమ్మ గెంతుతూ పడుతూ ఉంటుంది. చేప దాన్ని చిన్న పరిగెపిల్ల అనుకుని నోట వేసుకుంటుంది. వెళ్లేటప్పుడు వాడు నాకు ఒకటి ఇచ్చి వెళ్లాడు.

బుద్ధిమంతుడైతే దానితో చేపలు పట్టేవాడు. నేను విప్పాను. సూదితో దారం కొస పట్టుకుని ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ విప్పితే, లోపల రహస్యమంటూ ఏమీ లేదు. ఒక గాలం, ఒక బరువు, రెండు కోడి ఈకలు, కాస్త మెత్తటి నూగు, ఆపైన నలభై చుట్ల సన్న దారం, చివర్లో గట్టిపడిన లక్కలాంటి పూత. ఇంతేనా, ఇది నేనూ కట్టగలను అనుకున్నా. మనుషుల్ని ముంచే మాటల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

ఈక కట్టి చేపను బులిపించడం కొత్త విద్య ఏమీ కాదు. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియాలో జాలరులు చేసే ఇలాంటి పనే రాసిపెట్టాడు. గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింద తమ్మెల దగ్గర పెరిగే ఈకలు రెండు కట్టేవారట. ఎర్ర ఉన్ని సంగతి నాకు తెలియదు గానీ పుంజు ఈకల విషయంలో మా గోదావరి వాళ్లం ఎవరికీ తీసిపోం. కాకి అంటే నల్లది, డేగ అంటే ఎర్రది, సేతు అంటే తెల్లది అని పుంజుకు ఈకను బట్టే పేరు పెట్టే ప్రాంతం మాది. కోడిపందేలు చట్టరీత్యా నేరం. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఆ సంగతి మా వైపు ఎవరికీ గుర్తుండదు. పందెంలో ఓడిన పుంజు కూరగిన్నెలోకి వెళ్తే, దాని ఈకలు పెంటకుప్ప మీదకు వెళ్తాయి. ఆ కుప్ప దగ్గర నిలబడి డేగ మెడ ఈకలు ఏరుతుంటే పాలేరు కుర్రాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈకలకు కొరత లేదు. జింక తోక వెంట్రుకల దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. అమెరికాలో జిగ్గులకు తెల్లతోక జింక వెంట్రుకలు వాడతారు. అక్కడ వేటకు సీజనుంటుంది, లైసెన్సుంటుంది. మన దగ్గర జింక వెంట్రుకలు ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తలుపు తడుతుంది. దాంతో మా వీధి చివర మటన్ కొట్టాయన దగ్గరకు వెళ్లి మేక తోక అడిగాను. “తోక ఎందుకు సార్, తలకాయ మంచిది ఉంది” అన్నాడు పాపం.

ఈకల్ని షాంపూతో కడిగి, నీడన ఆరబెట్టాను. గాలాన్ని పట్టుకోవడానికి బల్లకు బిగించే చిన్న వైస్ కొన్నాను. కుట్టుమిషను నైలాన్ దారం, మా ఆవిడ నెయిల్ పాలిష్ (అడిగే తీసుకున్నా) రెండూ సిద్ధం. మొదటిదానికి ఈకలు ప్రేమగా గుప్పెడు కట్టాను. అద్దం ముందు నిలబడ్డ పెళ్లికూతురిలా ఉంది. బకెట్లో వేస్తే పెళ్లికూతురు మునగలేదు.

రెండోసారి గాలం మెడ వంచాలనుకున్నా. జిగ్గు గాలానికి దారం కట్టే కన్ను దగ్గర వంపు ఉంటుంది. బరువు అక్కడే కూర్చుని కిందివైపుకు తూగుతుంది కాబట్టి గాలం మొన పైకి చూస్తూ ఉంటుంది. అందుకే అడుగున రాళ్లకూ వేళ్లకూ తక్కువ తగులుకుంటుంది. మామూలు గాలాన్ని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి పటకారుతో వంచాను. అందంగా వంగింది. తర్వాత తలుపు గడియకు తగిలించి లాగితే ఇంకా అందంగా, గుండుసూదిలా తిన్నగా సాగింది. ఉక్కును ఎర్రగా కాల్చి వదిలేస్తే దాని బిగువు పోతుందని కమ్మరి కొలిమి దగ్గర ఆడుకున్న ఏ పిల్లాడైనా చెబుతాడు. నేను జర్నలిజం చదువుకున్నాను. వంపు గాలాలు తయారుగా దొరుకుతాయని తెలిసి పాతిక తెప్పించాను.

మిగిలింది బరువు. టైర్ల షాపులో చక్రాల బ్యాలెన్సింగ్‌కు కొట్టే సీసం ముక్కలు పాతవి అరకిలో ఇచ్చారు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వంటింటి పొయ్యి చాలు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రెండు చెక్కల అచ్చు చేసి, రెండు రోజులు మే నెల ఎండలో పెట్టాను. పైకి ఎముకలా ఎండిపోయింది. మూకుడులో సీసం కరిగింది, పైన బూడిదరంగు తెట్టు కట్టింది. గరిటెతో దాన్ని పక్కకు తీసి, అద్దంలా మెరుస్తున్నదాన్ని అచ్చులో పోశాను.

ఒక్క క్షణం సుయ్‌మంది. ఆ వెంటనే ఫట్‌మంది.

అచ్చు లోపల తడి మిగిలే ఉంది. నీరు ఆవిరైతే దాదాపు పదిహేడు వందల రెట్లు వ్యాపిస్తుంది. దానికి బయటికి దారి సీసంలోంచే. గట్టు మీద, స్టవ్ మీద, గోడ మీద, నా కళ్లజోడు మీద వెండిచుక్కలు. కళ్లజోడు లేకపోయి ఉంటే ఈ కాలమ్ ఇవాళ ఇంకొకరు రాసేవారు. మా ఆవిడ వచ్చి చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే పరిస్థితి చాలా తీవ్రంగా ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. చీపురు తెచ్చి నేనే ఊడ్చాను. అది రెండో తప్పని తర్వాత తెలిసింది.

అసలు సంగతి మూడు వారాల తర్వాత బయటపడింది. మా పాపకు ఆరేళ్లు. హోంవర్కు చేస్తూ బుగ్గలో ఏదో ఆడిస్తోంది. చాక్లెట్టా అంటే కాదని తలూపింది. చేయి పడితే నోట్లోంచి తీసి పెట్టింది, మెంతిగింజంత సీసం గుండు. దాని పెన్సిల్ బాక్సులో ఇంకో తొమ్మిది ఉన్నాయి. “వెండి ముత్యాలు నాన్నా, ఫ్రిజ్జు కింద దొరికాయి” అంది.

సీసం గురించి అంతకుముందు నాకు తెలిసింది వార్తల్లో రాసినంతే. 2000లో దేశమంతా పెట్రోలులోంచి తీసేశారు, ఇంటి రంగుల్లో 90 పీపీఎం మించకూడదని నిబంధన పెట్టారు... ఇలాంటివి. ఆ రాత్రి చదివింది వేరు. మింగిన సీసాన్ని పెద్దవాళ్ల ఒంటితో పోలిస్తే చిన్నపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందట. అది చేరేది ఎదుగుతున్న మెదడుకు. ఇంత వరకూ ఫరవాలేదు అని చెప్పగల మోతాదే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గట్టి గుండు కంటే నేను గరిటెతో తీసి పక్కన పెట్టిన బూడిద తెట్టు, చీపురుతో లేపిన పొడి ఇంకా ప్రమాదం. ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డ పారేయాలి.

పొద్దున్నే పిల్లల డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లాం. రక్తం తీసి, సీసం పరీక్షకు వేరేచోటికి పంపారు. ఫలితం రావడానికి మూడు రోజులన్నారు. ఆ మూడు రోజులూ నేను ఇంట్లో మోకాళ్ల మీదే ఉన్నాను, తడిగుడ్డతో. ఫ్రిజ్జు జరిపాను, గ్యాస్‌బండ జరిపాను, కప్‌బోర్డుల కింద టార్చి వేసి వెతికాను. ఇంకో నాలుగు దొరికాయి. మా ఆవిడ నాతో మాట్లాడింది, కానీ పనికి అవసరమైన మాటలే. పాప లెక్కల్లో ఒక చిన్న తప్పు చేస్తే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

డెసీలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ఆ సంస్థ 2021లో చెప్పిన లెక్క. మా పాపకు అంతకంటే తక్కువే వచ్చింది. “తక్కువ అంటే సున్నా కాదు” అన్నారు డాక్టరుగారు, కాగితం మడిచి ఇస్తూ. ఐరన్, కాల్షియం ఉండే తిండి బాగా పెట్టమన్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే ఇంకాస్త తగ్గింది. మూకుడు పాలిథిన్ కవర్లోకి వెళ్లింది.

అక్కడితో ఈ పిచ్చి వదిలిపోవాల్సింది. న్యూ హాంప్‌షైర్ తమ్ముడికి ఫోన్లో ఈ కథంతా చెబితే వాడు గట్టిగా నవ్వలేదు. “అన్నయ్యా, నేనిచ్చినదాంట్లో సీసం ఎక్కడుంది? అది టంగ్‌స్టన్. ఇక్కడ సీసంతో చేసిన చిన్న జిగ్గుల్ని చెరువుల్లో, నదుల్లో వాడనివ్వరు. అమ్మనివ్వరు కూడా” అన్నాడు. అక్కడి సరస్సుల్లో లూన్ అనే నీటిపక్షి ఉంటుంది. నలుపూ తెలుపూ గళ్ల ఒళ్లు, ఎర్రటి కళ్లు. తిన్నది నూరుకోవడానికి చిన్న చిన్న రాళ్లు మింగుతుంది. తెగిపోయిన జిగ్గునో, దాన్ని మింగిన చేపనో తిన్నదంటే ఆ సీసాన్ని కూడా పొట్టలో నూరుకుంటుంది. ఒక్క చిన్న గుండు చాలు, కొద్ది వారాల్లో చచ్చిపోతుంది. అందుకే ఆ రాష్ట్రంలో ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాములు, అంతకులోపు సీసం జిగ్గుల్నీ గుండ్లనీ 2016 నుంచి నిషేధించారు. అంతకంటే ముందు 1987లో బ్రిటన్ హంసల కోసం ఈ పనే చేసింది.

పక్షి కోసం అక్కడ చట్టం చేశారు. మనిషి పిల్ల ఉన్న ఇంట్లో నేను కరిగించాను. నిద్ర పట్టక పోవడానికి ఇది చాలదూ?

సీసం వద్దు. మరి ఏమిటి? టంగ్‌స్టన్ సీసం కంటే చాలా బరువు. నీటితో పోలిస్తే సీసం 11.3 రెట్లు, ఇది 19.3 రెట్లు. కానీ కరగాలంటే మూడు వేల డిగ్రీలు దాటాలి, పూసలుగా తయారైనవి కొనాలంటే జేబు కరుగుతుంది. తగరం ఉంది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేది ఇదే. 232 డిగ్రీలకే కరుగుతుంది. దానిక్కూడా అచ్చు ఎముకలా ఎండాలి, కళ్లకు అద్దాలు ఉండాలి, పాప నిద్రపోవాలి. పొయ్యి కూడా బాల్కనీలోకి మారింది. ఎవరైనా ప్రయత్నిస్తే ఒక మాట. రేడియో షాపుల్లో దొరికే మామూలు టంకం తీగ తగరమే అనుకోకండి. అందులో దాదాపు నలభై పాళ్లు సీసమే. సీసం లేనిదని రాసి ఉన్నదే అడిగి తీసుకోవాలి.

తగరంతో చిక్కల్లా తేలిక. అదే అచ్చులో పోస్తే సీసం గుండు బరువులో మూడింట రెండొంతులకు కూడా రాదు. ఇది లోపమే అనుకుని కొన్నాళ్లు బెంగపడ్డాను. తర్వాత ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి పైభాగం కోయించి నీళ్లు నింపి, ఒక్కో జిగ్గునూ వదులుతూ ఫోన్లో స్లో మోషన్ వీడియో తీశాను. ఇంట్లో వాళ్లు దీన్ని ప్రయోగశాల అన్నారు, ఇంకో మాట కూడా అన్నారు.

ఆ క్యాన్ ముందు కూర్చున్నాకే నాకు అసలు విషయం తెలిసింది. ఉత్త సీసం గుండు రాయిలా టపీమని అడుగుకు పోతుంది. దానికి ఏ ప్రాణీ మోసపోదు. అదే బరువుకు పొడుగాటి మెడ ఈకలు రెండు కడితే కాస్త నెమ్మదిస్తుంది. ఈక మొదట్లో ఉండే మెత్తటి నూగు చేరిస్తే ఇంకా నెమ్మదిస్తుంది, పైగా దిగుతున్నంతసేపూ ఆ నూగు మూసుకుంటూ తెరుచుకుంటూ ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. గాయపడ్డ పరిగెపిల్ల అలాగే దిగుతుంది. జిగ్గు పైకి లేచేటప్పుడు చేప చూస్తుంది, కిందికి పడేటప్పుడు కొరుకుతుంది అని జాలం తెలిసినవాళ్లు చెప్పే మాట. అంటే మనం కట్టేది బొమ్మను కాదు, పడే తీరును. రంగులూ కళ్లూ ముస్తాబులూ చాలావరకు కొనేవాడి కోసమే. లోతు తక్కువున్న పాయలో నెమ్మదిగా దిగేదే కావాలి. తగరం తేలికతనం అక్కడ లోపం కాకుండా పోయింది. చివరికి ఒక్కో జిగ్గుకు రెండు డేగ ఈకలు, చిటికెడు తెల్ల నూగు దగ్గర ఆగాను. పెళ్లికూతురు మామూలు చీరలోకి వచ్చేసింది.

గజ్జె సంగతి మా పాపది. స్కూలు వార్షికోత్సవంలో కట్టుకున్న గజ్జెల పట్టీ తెగితే, ఒక ఇత్తడి గజ్జె నా బల్ల మీద పెట్టి, “నాన్నా, దీనికీ తోక కట్టు, చేప డాన్సు అనుకుని వస్తుంది” అంది. పిల్లల మాటని కొట్టిపారేయలేం. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళ్తుంది, చేప ఒంటి పక్కన గీతలా ఉండే అవయవం చిన్న కదలికను కూడా పట్టేస్తుంది. మొదట వేలాడదీస్తే జిగ్గు పక్కకు ఒరిగిపోయింది. గాలం కాడ మీద, మొనకు రెండోవైపున రాగితీగతో బిగించి కడితే తిన్నగా నిలబడింది. మామూలు ఇత్తడిలో కూడా కాస్త సీసం కలిసే ప్రమాదం ఉంది కాబట్టి తాకాక చేతులు కడుక్కోవాలన్న షరతు మీద దానికి అది పేరు పెట్టింది. ఆ పేరు చెప్పొద్దంది.

ఈ సంక్రాంతికి మళ్లీ మావయ్య ఊరు. డబ్బా తెరిచి చూపిస్తే ఆయన ఒక్కోటీ వేళ్ల మధ్య తిప్పి చూశాడు. “ఏరా అబ్బాయ్, చేపకి ముస్తాబు సేత్తన్నావా? బతికున్న రొయ్యని వదిలి ఈకలు తింటాదా అది?” అన్నాడు. ఆయన నలభై ఏళ్లుగా మొగ దగ్గర పండుగప్పకు రొయ్య గుచ్చే మనిషి. పండుగప్ప తెలుసుగా, మగగా పుట్టి, కొన్నేళ్లు పోయాక ఆడగా మారే చేప. మడచెట్ల వేళ్ల సందుల్లో నీడన కాచుకుని ఉంటుంది. పోటు తగ్గి నీరు వెనక్కి లాగేటప్పుడు పిల్లచేపలు దాంతోపాటే కొట్టుకొస్తాయి. అప్పుడే దాని భోజనం.

మొదటి రోజు మూడు జిగ్గులు మడ వేళ్లకు సమర్పించాను. చేప లేదు. మావయ్య రొయ్యకు రెండు పడ్డాయి. రెండో రోజు ఇంకో మూడు పోయాయి. లాగి లాగి దారం తెగిన ప్రతిసారీ, ఇవి సీసమైతే ఈ ఆరూ ఇక్కడే ఉండిపోయేవి కదా అనిపించింది. మా తాతల కాలం నుంచీ ఈ పాయలో తెగిన గుండ్లు ఎన్నో లెక్క కట్టబోయి మానేశాను.

మూడో రోజు పొద్దున, కనుమ. మంచు ఇంకా విడలేదు. పాప గట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. దాని గజ్జె జిగ్గును వేళ్ల అంచున వేసి, ఎగరేసి, దించాను. దారం సడలింది, అడుగు తగిలిందేమో అనుకున్నా. అడుగు కాదు. నీళ్లలో ‘టప్’మని చప్పుడు, చేతిలో కర్ర వంగిపోయింది. కిలో ఉంటుందేమో, అంతే. ఒడ్డుకు వచ్చేసరికి మాత్రం నాకు పది కిలోల అలసట. ఈకలు పూర్తిగా ఊడిపోయాయి, గజ్జె మిగిలింది.

మావయ్య ఏమీ అనకుండా దాన్ని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూశాడు. “రెండు కట్టియ్యి. ఈకలు మాత్రం మన కాకి పుంజువి కట్టు, రాత్రిపూట సూద్దాం” అన్నాడు. తర్వాత తన గాలానికి రొయ్య గుచ్చి, చీలిక ఉన్న చిన్న సీసం గుండును దారానికి తొడిగి, నోట్లో పెట్టుకుని పంటితో నొక్కబోయాడు. నలభై ఏళ్లుగా అలాగే నొక్కుతున్నాడు.

“తాతయ్యా, నోట్లో పెట్టుకోకూడదు. రక్తం తీస్తారు” అంది పాప గట్టు మీద నుంచి.

ఆయన గుండును నోట్లోంచి తీసి, కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి, పడవలో పటకారు ఎక్కడుందో వెతకడం మొదలెట్టాడు.